రోట్లో తేటనీరు

దోమలంటే మురుక్కాలువే అనుకునేవాణ్ణి. చొప్పదండిలో మా ఇంటి వెనక కాలువలో కిరసనాయిలు పోసి నిశ్చింతగా పడుకున్నాను సుమండీ! పదిరోజులు తిరక్కుండా మా చిన్నదానికి డెంగీ. రక్తపరీక్ష కాగితం చేత పట్టుకుని మా ఆవిడా నేనూ గడిపిన రాత్రుల మాట అడక్కండి.

పిల్ల తేరుకున్నాక ఆశా కార్యకర్త వచ్చింది. కాలువకేసి చూడనైనా లేదు. పెరట్లో మా అమ్మ రోటి దగ్గర ఆగింది. నిండా వాననీరు, అద్దంలా తేటగా. అందులో తలకిందులుగా వేలాడే పురుగులు!

"గిది మంచినీళ్ల దోమ సారూ. పగటిపూటనే కుడ్తది."

1897లో సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ మలేరియా రోగి హుసేన్ ఖాన్‌కు, కుట్టించుకున్న దోమకు అణా చొప్పున ఇచ్చాడు. అలాంటి దోమ కడుపులోనే ఆగస్టు 20న మలేరియా క్రిమి దొరికింది. మేమో, కానీ పుచ్చుకోకుండా డెంగీ దోమను ఇంట్లోనే పెంచాం. గుడ్డు దోమ కావడానికి వారం పదిరోజులు చాలునట.

ఇప్పుడు శుక్రవారం వస్తే గోలెం, పూలకుండీల కింది పళ్లేలు, కూలరు ఒంపి తోముతాం. ఉత్తినే ఒంపితే చాలదు. అంచుకంటిన గుడ్లు నీరు లేకున్నా నెలల తరబడి బతుకుతాయి. రోలు బోర్లించడానికి మాత్రం అమ్మ ఒప్పుకోలేదు. ఇసుక నింపాను.