పేరు మారితే నషా మారుతుందా?

ఇంగ్లండ్‌లో నౌకరీ చేస్తున్న మా ఖాలా కొడుకు ఈద్ నాడు వీడియో కాల్ చేశాడు. మాటల్లో మాటగా ఆఫీసు దోస్తులతో ‘ఏల్ టేస్టింగ్’కు వెళ్లొచ్చానన్నాడు. నా ముఖం మారడం చూసి, "తాగలేదు భాయిజాన్, జాయిఖా చూశానంతే" అన్నాడు.

ఎంత చూశావురా అంటే, చిన్న గ్లాసులు మూడు అన్నాడు. అక్కడ టేస్టింగ్ గ్లాసంటే పింట్‌లో మూడో వంతు. మూడూ కలిపితే నిండు పింట్, 568 మిల్లీలీటర్లు. నోట్లో పోసుకుని ఉమ్మేశావా అని అడిగా. నవ్వాడు. మరి తాగడమంటే ఇంకేమిటి బేటా?

వాడి రెండో దలీల్: ఇది ఫ్యాక్టరీ శరాబ్ కాదు, పాతకాలపు హునర్. నిజమే. లాగర్‌ను చల్లగా, వారాల తరబడి పులియబెడతారు. ఏల్‌ను 15 నుంచి 24 డిగ్రీల వెచ్చదనంలో పులియబెడతారు. ఈస్ట్ నురగతో పైకి తేలుతుంది, పండ్ల ఖుష్బూ వస్తుంది. ఆ రివాజును కాపాడుకోవడానికి అక్కడివాళ్లు 1971 నుంచి ఉద్యమమే నడుపుతున్నారు. అది వాళ్ల తహజీబ్, నాకు పేచీ లేదు. కానీ ఆ ఖుష్బూ ఇచ్చే ఈస్టే బార్లీలోని తీపిని తిని ఆల్కహాల్‌ను వదులుతుంది. హునర్ ఎంత గొప్పదైనా నషా నషాయే.

మూడో దలీల్ విని హైరాన్ అయ్యా. "ఖమ్ర్ అంటే ద్రాక్షదే కదా, ఇది బార్లీది. ఇమామ్ అబూ హనీఫా ఫరక్ చూపించారట కదా" అన్నాడు. సగం ఇల్మ్ జహాలత్ కంటే ఖతర్‌నాక్. యెమెన్‌లో తేనెతో చేసే బిత్అ, బార్లీతో చేసే మిజ్ర్ గురించి హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) రసూలుల్లాహ్ (స)ను పేరుపెట్టి అడిగారు. నషా ఎక్కించే ప్రతిదీ హరామ్ అన్న అర్థంలో జవాబు వచ్చింది. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. మిజ్ర్ అంటే బార్లీ బీరే! రివాజు ఎంత పాతదని చెబితే అంత ఆ సవాల్‌కే దగ్గరవుతావు. ఇక ఇమామ్ సాబ్ మాట: ఇఖ్తిలాఫ్ ఉన్న మాట నిజమే. కానీ నషా ఎక్కేదాకా తాగడాన్ని, సరదా కోసం తాగడాన్ని ఆయన జాయజ్ అనలేదు. ఆయన షాగిర్ద్ ఇమామ్ ముహమ్మద్ కొంచెమైనా హరామే అన్నారు. తర్వాతి హనఫీ ఉలమా ఫత్వా ఇచ్చింది ఆ మాట మీదే.

ఇప్పుడు మనవైపు చూసుకుందాం. ఈ ఖబర్ తెలిసి ఖాలా ఏడ్చింది. ఎందుకో తెలుసా? "నలుగురికీ తెలిస్తే రిష్తాలు వస్తాయా?" అని. అల్లాహ్ ఖౌఫ్ కాదు, బస్తీ ఖౌఫ్! అదే ఇంట్లో పెద్దోడి షాదీకి జోడే కీ రఖమ్ లెక్కపెట్టి తీసుకున్నారు. అప్పుడు ఇజ్జత్ పోలేదు. ఇది చూసి పెరిగిన పిల్లాడు ఏం నేర్చుకుంటాడు? గునా అంటే చేసేది కాదు, దొరికిపోయేది అని నేర్చుకుంటాడు.

అమ్మీలూ, అబ్బాలూ, జరా సోచో. "హరామ్, నోర్ముయ్" అంటే పిల్లాడు నోరు మూసుకుంటాడు, గ్లాసు మూయడు. వాడు సవాల్ అడిగాడంటే ఇంకా తలుపు తెరిచే ఉందని. తెలిస్తే జవాబివ్వండి, తెలీకపోతే ఇల్మ్ ఉన్నవాళ్లను కలిసి అడగండి.

వాడి తన్హాయీ కూడా అబద్ధం కాదు. సాయంత్రాలు దోస్తులంతా పబ్‌లో ఉంటే వాడొక్కడే రూములో. అందుకే చెప్పా: "వాళ్లనే నీ రూముకి దావత్‌కు పిలువు. ఖట్టీ దాల్, తలావా గోష్త్ వండిపెట్టు. జాయిఖా ఏంటో వాళ్లే చూస్తారు." తలావా గోష్త్ ఎలా చేయాలో మర్నాడు ఖాలాకు ఫోన్ చేసి అడిగాడట.