అంబులెన్స్ ఉంది, ఆదుకునే చేతులేవి?



రాత్రి షిఫ్టులో యాభై దాటిన కార్మికుడు చెమటలు పట్టి, ఆయాసంతో కూలబడితే 'గ్యాస్' అని సోడా తాగించి పడుకోబెడతాం. షుగరు ఉన్నవారికి గుండెపోటు ఒక్కోసారి నొప్పి లేకుండానే వస్తుంది. గుండె, మూత్రపిండాలు రెండూ దెబ్బతిన్న రోగికి ఎక్కువ సెలైన్ ఎక్కించినా ముప్పే. ఇలాంటి రోగిని చూడటానికి ప్రత్యేక శిక్షణ కావాలి.

వేలూరులో 1909లోనే ఐడా స్కడ్డర్ నర్సులకు శిక్షణ ప్రారంభించారు. తమిళనాడులో 108 సేవ 2008లో వచ్చింది. కాని గుడియాత్తం నుండి వేలూరుకు 30 కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఆ దారిలోనే ప్రాణం జారిపోవచ్చు.

బ్రిటన్‌లో అనుభవమున్న నర్సులకు, పారామెడిక్‌లకు పైచదువు చెప్పించి, రోగిని పరీక్షించి చికిత్స మొదలుపెట్టే బాధ్యత ఇస్తున్నారు. మన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ కూడా క్రిటికల్ కేర్‌లో రెండేళ్ళ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు రూపొందించింది. కోర్సు ఒక్కటే చాలదు. చదివినవారికి పోస్టు కావాలి, అధికారం కావాలి. ఇది డాక్టరును తప్పించే ఎత్తుగడ కారాదు. డాక్టరు అండతోనే జరగాలి.

గుడియాత్తం వంటి ఊళ్ళ ప్రభుత్వ ఆసుపత్రుల్లో రాత్రింబవళ్ళు ఇలాంటి నర్సులను నియమించాలి. శిక్షణ కాలంలో పూర్తి జీతం ఇవ్వాలి.

మిల్లు మాటేమిటి? ప్రథమ చికిత్స పెట్టె బాధ్యత సర్టిఫికెట్ ఉన్న మనిషికే అప్పగించాలనీ, పని గంటలన్నింటా అతను అందుబాటులో ఉండాలనీ 2025 వరకు అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. మీ షిఫ్టులో ఆ మనిషి ఎవరు? రేపే యాజమాన్యాన్ని అడగండి!