తీసింది ఒక్క ట్యూబే

రెండేళ్ల కిందట, మహాలయకు వారం ముందు, కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతుంటే మావారు ఆసుపత్రికి తీసుకెళ్లారు. గర్భం ట్యూబులో నిలిచి, ఆ ట్యూబు పగిలిందన్నారు. ఎడమ ట్యూబు తీసేసి నా ప్రాణం నిలబెట్టారు. అందుకు ఆ డాక్టర్లకు రోజూ దండం పెట్టుకుంటాను. కానీ ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో కుట్లు ఎప్పుడు విప్పాలో ఉంది, మాత్రలు ఎన్ని పూటలో ఉంది. ఇక పిల్లలు పుడతారా లేదా అన్న ముక్క లేదు.

ఆ ముక్క చుట్టాలు అన్నారు. శ్రీకాకుళం నుంచి మా అత్తగారు ఫోన్లో "ఇంకేముందమ్మా, సగం పోయినట్టే" అన్నారు. ఇక్కడ గార్డెన్‌రీచ్‌లో మా పక్కింటి బౌదీ (వదిన) నా మంచికోరే, "టెస్ట్‌ట్యూబుకి వెళ్లిపో, ఇది సుభాష్ డాక్టర్ ఊరు" అంది. నిజమే. 1978 అక్టోబరు 3న డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ కృషి వల్ల ఈ కోల్‌కతాలోనే టెస్ట్‌ట్యూబు బిడ్డ దుర్గ పుట్టింది. ప్రభుత్వ కమిటీ ఆయన మాట నమ్మలేదు. 1981లో ఆయన తన ప్రాణం తానే తీసుకున్నారు. ఆయన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా గొంతు పట్టేస్తుంది. అయితే దుర్గ తల్లికి ట్యూబులు పాడయ్యాయి. నా కుడి ట్యూబు బాగానే ఉంది.

ఆ సంగతి నాకు ఆరు వారాల తర్వాత, వేరే డాక్టరమ్మ ఆపరేషన్ కాగితాలు చదివితే తెలిసింది! కడుపు తెరిచినప్పుడే రెండోదాన్ని చూసి రాసుకున్నారు, నాతో చెప్పలేదంతే. ఆ ఆరు వారాలు నేను ఏడ్చిన ఏడుపు ఎవరిది?

రెండో ట్యూబు బాగున్నవాళ్ల మీద యూరప్, అమెరికా ఆసుపత్రుల్లో జరిగిన పరిశోధన 2014లో వైద్యపత్రిక లాన్సెట్‌లో వచ్చింది. ట్యూబు తీసేసినా మూడేళ్లలో నూటికి 56 మందికి సహజంగానే గర్భం నిలిచింది. ట్యూబును కాపాడి ఉంచినవాళ్లలో 61. అంత పెద్ద తేడా కాదు. మళ్లీ ట్యూబులోనే నిలిచే భయం మాత్రం మామూలు వాళ్లకంటే ఎక్కువ. అందుకే నెల తప్పగానే రక్తపరీక్ష, త్వరగా స్కాన్ తప్పనిసరి. ఈ నాలుగు మాటలూ, రెండో ట్యూబు ఎలా ఉందన్నదీ డిశ్చార్జి కాగితం మీద, ఆపరేషనైన ఆడమనిషి చదవగలిగే భాషలో రాసివ్వాలి. ఇంటివాళ్లను కూర్చోబెట్టి చెప్పాలి. అడిగేది అంతే.

పోయినేడు నాకు నెల తప్పింది. ఏడో వారం స్కాన్‌లో బిడ్డ గుండె చూపించాక, డాక్టరమ్మ తెర మీద ఇంకోచోట వేలు పెట్టి, "ఈసారి అండం ఎడమవైపు నుంచి వచ్చిందమ్మా" అన్నారు. ఎడమవైపు నాకు ట్యూబు లేదు. అటునుంచి వచ్చినదాన్ని కుడి ట్యూబే అందుకుందట. అత్తగారికి ఫోన్ చేసి చెబితే, ఆవిడ రెండుసార్లు చెప్పించుకున్నారు.