మొదటి ఆట కొంటేనే రెండోది ఆడాలా?

జపాన్‌కు చెందిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సంస్థ 2022 ఫిబ్రవరిలో ఎల్డెన్ రింగ్ అనే వీడియో గేమ్‌ను విడుదల చేసింది. ఆ తర్వాత దానికి రెండు కొనసాగింపులు వచ్చాయి. 2024 జూన్‌లో వచ్చిన షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ ఒక ఎక్స్‌పాన్షన్ ప్యాక్. అసలు ఆట లేనిదే అది నడవదు. ఉన్నంత మాత్రాన సరిపోదు. అసలు ఆటలో రాడాన్, మోగ్ అనే శత్రువులను ఓడించినవాళ్లకే కొత్త ప్రాంతం తలుపు తెరుచుకుంటుంది. ఆ ఇద్దరూ ఆ ఆటలోకెల్లా కొరకరాని కొయ్యల్లో లెక్క. ప్యాక్ విడుదలయ్యే నాటికి స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో ఆ ఆట ఉన్నవాళ్లలో సగం మంది కూడా మోగ్‌ను దాటలేదు. 2025 మే నెలలో వచ్చిన నైట్‌రెయిన్ దారి వేరు. అదే లోకపు పోలికలు, పాత శత్రువుల్లో కొందరు అందులో ఉన్నా అది ముగ్గురు కలిసి ఆడే విడి గేమ్. అసలు ఆట కొనక్కర్లేదు, ఆడి ఉండక్కర్లేదు. అమెరికాలో రెండింటి ధరా 40 డాలర్లే. కానీ కొత్తగా వచ్చేవాడు రెండోదానికి 40 డాలర్లు పెడితే చాలు. మొదటిది ఆడాలంటే అసలు ఆటకు మరో 60 డాలర్లు పెట్టాలి, పైగా పదుల గంటలు ఆడి అర్హత సంపాదించాలి.

ఈ రెండింటిలో ఏ ఆట గొప్పదన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఎర్డ్‌ట్రీయే గొప్పదనే ఆటగాళ్లతో నాకు పేచీ లేదు. నా వాదన అమ్మే పద్ధతి గురించి. ఒక ఆటకు కొత్త కథో కొత్త లోకమో తెచ్చేటప్పుడు అది విడిగా కొని ఆడుకునేలా ఉండాలి, పాత ఆట ఉన్నవాళ్లకు దానితో కలిసిపోవాలి. పాతది కొంటేనే కొత్తది అని షరతు పెట్టే సంస్థ, ఆ షరతు ఎందుకు తప్పనిసరో కొనేవాళ్లకు చెప్పగలగాలి. ఇప్పుడు మార్కెట్ దీనికి తలకిందులుగా ఉంది. షరతు మామూలైపోయింది, విడి ఆట అపురూపమైంది. తెలుగు పాఠకుడికి ఈ తేడా కొత్తదేం కాదు. అల్లసాని పెద్దన మనుచరిత్రకు మూలం మార్కండేయ పురాణంలోని స్వారోచిష మనువు కథ. ఆ పురాణాన్ని పెద్దన కంటే చాలా ముందే మారన తెలుగు చేశాడు. అయినా మనుచరిత్ర పట్టుకునే ముందు మారనను పూర్తిచేసి రావాలని ఏ గురువూ అనడు. మారనను చదివినవాడికి ప్రవరుడూ వరూధినీ ఇంకొంచెం లోతుగా కనిపిస్తారు, చదవనివాడికి లోటేమీ ఉండదు. విడి ఆట నుంచి నేను కోరేది ఇదే.

నిజానికి ఎక్స్‌పాన్షన్ ప్యాక్ పుట్టుకలో తప్పేం లేదు. 1998లో బ్లిజార్డ్ సంస్థ స్టార్‌క్రాఫ్ట్‌కు బ్రూడ్ వార్‌ను జోడించినప్పుడు, ఉన్న ఆట మీదే కొత్త ఘట్టాలు వేయడం అందరికీ చౌక. ఒక ప్యాక్ వరకు ఆ లెక్క సరిగ్గానే ఉంటుంది. ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతేనే చిక్కు. స్వీడన్‌కు చెందిన పారడాక్స్ సంస్థ 2013లో తెచ్చిన యూరోపా యూనివర్సాలిస్ 4నే చూడండి. 1444 నవంబరు నుంచి ప్రపంచ చరిత్రను మన చేత నడిపించే ఆట అది. విజయనగరమూ బహమనీలూ అందులో ఉన్నారు. 2018లో ధర్మ అనే పేరుతో భారతదేశం మీదే ఒక ప్యాక్ వచ్చింది. ఏళ్ల తరబడి ఇలా ప్యాకులు వస్తూ పోయాయి. 2015లో కామన్ సెన్స్ అనే ప్యాక్‌తో పాటు అందరికీ ఉచిత అప్‌డేట్ వచ్చి ఆట నియమాలే మారాయి. ఏలుబడిలోని ప్రాంతాలను అభివృద్ధి చేసుకోవడం రాజ్యానికి కీలకమైంది. ఆ అభివృద్ధిని తన చేతులతో చేసుకునే వీలు మాత్రం ప్యాక్ కొన్నవాళ్లకే దక్కింది. అంటే ప్యాక్ కొననివాడి ఆట కూడా నిన్నటిలా ఉండిపోలేదు. కొత్త నియమాలు వచ్చి పడ్డాయి, వాటికి తగ్గ పనిముట్టు రాలేదు. ఆలస్యంగా వచ్చేవాడికైతే ఏది ముందు కొనాలో, ఏది లేకపోయినా పర్వాలేదో తేల్చుకోవడమే పెద్ద చదువైపోయింది. చివరికి 2021లో సంస్థే ఆ ప్యాకులన్నిటినీ కలిపి నెలవారీ చందాకు ఇవ్వడం మొదలుపెట్టింది.

ఇదొక్క సంస్థ కథ కాదు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆట 2018లో పాత ఎక్స్‌పాన్షన్లన్నిటినీ చందాలోనే కలిపేసింది. స్టార్‌క్రాఫ్ట్ 2 రెండో భాగం 2013లో వచ్చినప్పుడు మొదటి భాగం ఉంటేనే నడిచేది. 2015లో ఆ షరతు ఎత్తేశారు, అదే ఏడాది మూడో భాగాన్ని నేరుగా విడి ఆటగానే అమ్మారు. పేర్చి అమ్మినవాళ్లే కొన్నేళ్లకు కొత్తవాళ్ల కోసం ఆ అంతస్తులు కూల్చుకోవాల్సి వస్తోంది. ఆ మధ్య కాలంలో ధర చూసి వెనక్కి తిరిగిపోయినవాళ్ల లెక్క ఎవరి పుస్తకంలోనూ ఉండదు.

డబ్బు సంగతి అలా ఉంచితే, నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇంకొకటి ఉంది. బంగీ సంస్థ డెస్టినీ 2ను 2017లో అమ్మింది. దాని అసలు కథ పేరు రెడ్ వార్. ప్యాక్ మీద ప్యాక్ వేస్తూ పోయేసరికి ఆట పరిమాణం విపరీతంగా పెరిగింది, కొత్తవి చేర్చడమూ తప్పులు సరిదిద్దడమూ కష్టమైంది. 2020 నవంబరులో బియాండ్ లైట్ అనే కొత్త ప్యాక్ రాగానే రెడ్ వార్‌ను, దాని వెంట వచ్చిన రెండు ప్యాకులను ఆటలోంచి తీసేశారు. 2022 ఫిబ్రవరిలో ఫర్‌సేకెన్ అనే ఇంకో ప్యాక్ కథ కూడా పోయింది. జనం డబ్బిచ్చి కొన్నవే ఇవన్నీ. ఆ తర్వాత, తన రచనను రెడ్ వార్ కథ కాపీ కొట్టిందని ఒక రచయిత అమెరికాలో దావా వేస్తే, పోల్చి చూపడానికి ఆ ఆట ఆడించగల స్థితిలోనే లేదు. సంస్థ యూట్యూబ్ వీడియోలను కోర్టు ముందు పెట్టింది. వాటిని ఆధారంగా తీసుకుని దావాను కొట్టేయడానికి 2025లో న్యాయమూర్తి ఒప్పుకోలేదు. సర్వర్ల మీద నడిచే ఏ ఆటకైనా ఏదో ఒకరోజు మూతపడే ప్రమాదం ఉందని అంటారు. నిజమే, కానీ ఇక్కడ సర్వర్లు నడుస్తుండగానే కథ పోయింది. పైన పేర్చిన బరువుకు కింది అంతస్తును బలిపెట్టారు. విడిగా నిలబడే ఆటకు, తన తర్వాత వచ్చిన దాని వల్ల ఈ గతి పట్టదు.

దీనికి పక్కన పెట్టి చూడాల్సింది డాన్ ఆఫ్ వార్. కెనడాకు చెందిన రెలిక్ సంస్థ 2004లో నాలుగు సైన్యాలతో దాన్ని తెచ్చింది. 2005లో వింటర్ అసాల్ట్ అనే ప్యాక్ ఐదో సైన్యాన్ని చేర్చింది, అది అసలు ఆట ఉంటేనే నడిచేది. 2006లో వచ్చిన డార్క్ క్రూసేడ్‌తో పద్ధతి మారింది. దాన్ని ఒక్కదాన్నే కొనుక్కోవచ్చు. ఏడు సైన్యాల్లో దేన్ని ఎంచుకునైనా మొత్తం దండయాత్ర ఆడవచ్చు, ఏ షరతూ లేదు. నెట్‌వర్క్‌లో ఇతరులతో తలపడేటప్పుడు మాత్రం ఆ పెట్టెతో కొత్తగా వచ్చిన రెండు సైన్యాలే దక్కుతాయి. పాత ఆటలు ఉన్నవాళ్లకు వాటి సైన్యాలూ తోడవుతాయి. ఈ ఏర్పాటులో ఎంత న్యాయం ఉందో చూడండి. కొత్తగా వచ్చినవాడు ఒక పెట్టె కొంటే ఒక పూర్తి ఆట వచ్చింది. పాత కొనుగోలుదారు రెండేళ్లుగా పెట్టిన డబ్బు వృథా పోలేదు, విలువ పెరిగింది. ఇద్దరూ ఒకే మైదానంలో ఒకరితో ఒకరు ఆడుకోగలిగారు. సంస్థకూ పాత ఆటలు అమ్ముకునే దారి మూసుకుపోలేదు, ఎందుకంటే మిగతా సైన్యాల మీద మోజు పుట్టినవాడు వెనక్కి వెళ్లి వాటిని కొంటాడు. అలా కొనడం ఇష్టంతో జరిగింది, బలవంతం మీద కాదు. ఈ పరిశ్రమ చేతిలో ఇంత మంచి నమూనా 2006 నుంచీ ఉంది.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటవేయడం కుదరదు. సరిగ్గా ఇదే పద్ధతిని ఇంకా పెద్ద ఎత్తున ప్రయత్నించిన అరీనానెట్ దాన్ని వదిలేసింది. 2005లో ఆ సంస్థ గిల్డ్ వార్స్‌ను నెలవారీ చందా లేకుండా తెచ్చింది. 2006లో ఫ్యాక్షన్స్, నైట్‌ఫాల్ అనే మరో రెండు వచ్చాయి. మూడింటిలో దేన్నయినా విడిగా కొనవచ్చు, అన్నీ కొంటే ఒకే ఖాతాలో కలిసిపోతాయి. కానీ ప్రతి ఆటా కొత్తవాళ్ల కోసం మొదటి పాఠాలను మళ్లీ చెప్పాలి, పాతవాళ్ల కోసం కొత్త వృత్తులు, కొత్త విద్యలు ఇవ్వాలి. ఆరు వృత్తులు కాస్తా ఎనిమిదై, పదయ్యాయి. విద్యలు వెయ్యి దాటాయి. ఏది దేన్ని మించిపోతుందో తూకం వేయడం అసాధ్యమైంది. నాలుగో విడి ఆట ఆలోచన మానుకుని 2007లో మామూలు ఎక్స్‌పాన్షన్ ఒకటి ఇచ్చి, తర్వాత గిల్డ్ వార్స్ 2 వైపు మళ్లారు. కాబట్టి విడి ఆటల పద్ధతి నిలవదని ఈ ఉదాహరణ చూపి అంటారు. నాకు ఇందులో వేరే విషయం కనిపిస్తుంది. మొదటి పాఠాలు మళ్లీ చెప్పాల్సి రావడం నిజమైన ఖర్చే, అంతవరకు ఒప్పుకోవాలి. అయితే వాళ్లను ముంచింది వెయ్యి విద్యల బరువు. విడివిడిగా అమ్మిన వాటినన్నిటినీ ఒకే పోటీ మైదానంలో పేర్చడం వల్ల వచ్చిన బరువది. అదే విద్యలను ఎక్స్‌పాన్షన్లుగా అమ్మినా ఆ తూకం అంతే చెడేది. పైగా 2007 నాటి ఆ చివరి ఎక్స్‌పాన్షన్ కూడా మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా నడిచేది. అందరినీ మొదటి ఆట దగ్గరికే పంపించాలని వాళ్లు అప్పుడూ అనుకోలేదు.

ఆటగాళ్ల సమూహం చీలిపోతుందనేది ఇంకో అభ్యంతరం. పోటీ ప్రధానమైన ఆటల్లో దీనికి బలం ఉంది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 పుట్టింది 1999లో. ఇప్పటికీ అది జీవించి ఉండటానికి ఒక కారణం, ప్యాకులు ఎన్ని వచ్చినా మైదానం ఒక్కటే కావడం. 2022 ఏప్రిల్‌లో డైనస్టీస్ ఆఫ్ ఇండియా ప్యాక్ అంతకుముందు ఒకే గంపగుత్తగా ఉన్న భారతీయులను విడదీసి, ద్రావిడులు, బెంగాలీలు, గుర్జరులను కొత్తగా తెచ్చింది. ఆ ప్యాక్ కొననివాడు ద్రావిడులతో ఆడలేడు గానీ, వాళ్లతో ఆడేవాడిని ఎదుర్కోగలడు. నియమాల సవరణలు అందరికీ ఉచితమే. ఇలాంటి చోట పేర్చడాన్ని నేను కాదనను. ఏది ఎందుకు తప్పనిసరో అక్కడ స్పష్టంగా కనిపిస్తోంది. కానీ అదే ప్యాక్‌లో రాజేంద్ర చోళుడి కథా ఉంది. మన రాజరాజనరేంద్రుడికి పిల్లనిచ్చిన మామ ఆయన. చరిత్ర మీద ఇష్టంతో ఆ ఒక్క కథ ఆడాలనుకునే రాజమహేంద్రవరం విద్యార్థి కూడా ముందు అసలు ఆట కొనాలి. మైదానానికి పనికొచ్చిన కారణం ఒంటరిగా ఆడుకునే కథకు పనికిరాదు.

నాణ్యత మాటేమిటంటారా? ఎక్స్‌పాన్షన్లలో గొప్పవి ఉన్నాయి. పోలండ్ సంస్థ సీడీ ప్రాజెక్ట్ 2016లో విచర్ 3కి ఇచ్చిన బ్లడ్ అండ్ వైన్‌ను మించిన విడి ఆటలు తక్కువ. అయితే ఆ ప్యాక్‌ను తయారుచేసినవాళ్లు, అసలు కథ పూర్తిచేయని వాళ్ల కోసం తగిన శక్తులతో సిద్ధంగా ఉన్న నాయకుడితో నేరుగా కొత్త కథలోకి దిగే ఏర్పాటు పెట్టారు. కథ తన కాళ్ల మీద నిలబడగలదని వాళ్లకు తెలుసు, కొనుగోలు దగ్గరే గొలుసు మిగిలింది. మరోవైపు, విడి ఆటల పేరిట పలచటి సరుకూ వచ్చింది. 2009 నాటి కంపెనీ ఆఫ్ హీరోస్: టేల్స్ ఆఫ్ వాలర్ మూడు చిన్న దండయాత్రలతో సరిపెట్టి విమర్శలు తెచ్చుకుంది. ఆ పలచదనం వెంటనే బయటపడిందంటే అది విడిగా నిలబడటం వల్లే. అసలు ఆట చాటున దాక్కునే వీలు దానికి లేకపోయింది. పాత కొనుగోలుదారుకు అన్యాయం జరుగుతుందన్న భయానికి అన్‌చార్టెడ్: ది లాస్ట్ లెగసీ జవాబు చెబుతుంది. మన పశ్చిమ కనుమల్లో, హొయసల శిథిలాల మధ్య నడిచే ఆట అది. అన్‌చార్టెడ్ 4కు అనుబంధంగా మొదలై, పెరిగి పెద్దదై 2017లో విడి ఆటగా వచ్చింది. ఆ అనుబంధం కోసం ముందుగానే డబ్బు కట్టినవాళ్లకు ఆట మొత్తాన్నీ అదనంగా ఏమీ తీసుకోకుండా ఇచ్చారు.

మన దగ్గర ఈ సంగతి ఇంకొంచెం పదునుగా తగులుతుంది. డాలర్లలో అనుకున్న ధరలు రూపాయల్లోకి వచ్చేసరికి విద్యార్థికి గానీ, పండక్కి పిల్లలకు ఆట కొనిపెట్టే తల్లిదండ్రులకు గానీ ఒక్క ఆటే పెద్ద ఖర్చు. ఆ పైన అది నడవాలంటే ఇంకొకటి కావాలని ఇంటికొచ్చాక తెలియడం అన్యాయం. కొన్ని కన్సోళ్లలో అయితే డిస్క్ ఏ ప్రాంతానిదో, ఆన్‌లైన్‌లో కొన్న ప్యాక్ కూడా ఆ ప్రాంతానిదే అయి ఉండాలి, లేకపోతే రెండూ కలవవు. విడి ఆటకు ఈ బెడదే లేదు. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వంటి సంస్థ హైదరాబాద్‌లో స్టూడియో నడుపుతోంది. తెలుగు యువత ఈ రంగంలో కొనేవాళ్లుగానే కాక తయారుచేసేవాళ్లుగానూ ఉన్నారు. రేపు సొంత ఆట కట్టబోయేవాళ్లు రెండో భాగం గీతలు గీసేటప్పుడే ఆలోచించాల్సిన విషయమిది.

పెద్ద సంస్థలు కూడా మారగలవు. బ్రిటన్‌కు చెందిన క్రియేటివ్ అసెంబ్లీ టోటల్ వార్: వార్‌హామర్‌ను 2016, 2017, 2022లలో మూడు విడి ఆటలుగా తెచ్చింది. మూడింటి లోకాలనూ కలిపే మహా పటం ఇమ్మోర్టల్ ఎంపైర్స్ 2022 ఆగస్టులో వచ్చినప్పుడు మూడూ కొన్నవాళ్లకే అందింది. 2023లో ఆ షరతు తీసేశారు. ఇప్పుడు మూడో ఆట ఒక్కటి ఉన్నా పటం మొత్తం తెరుచుకుంటుంది. కొన్న ఆటల సైన్యాలను మనం నడుపుతాం, కొననివి ఎదుటి పక్షంలో ఉంటాయి. డార్క్ క్రూసేడ్ 2006లో నెట్‌వర్క్ పోటీలకు పెట్టిన నియమమే ఇది.