వకాలతు మీద సంతకంతో న్యాయం తీరిపోదు



సేద్యం చేసుకునేవాడికి కోర్టుతో పనిలేదనుకునే రోజులు పోయాయి. గట్టు తగాదాలో తల పగిలితే కేసు. పందుల నుంచి పంట కాపాడుకోవాలని లాగిన కరెంటు తీగకు మనిషి బలైతే కేసు. కుప్పం అడవి అంచున అదే తీగకు ఏనుగు చచ్చిపోతే, నేరం రుజువైనప్పుడు వన్యప్రాణి చట్టం కింద కనీసం మూడేళ్ల జైలు. ప్రాణం తీసే తీగను మేము సమర్థించడం లేదు. శిక్ష వేసేముందు ముద్దాయి పక్షాన ఒక్కరైనా గట్టిగా మాట్లాడారా అని అడుగుతున్నాం.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల్లో మేము వింటున్న గోడు ఒకటే. వకీలు సాక్షిని అడగాల్సింది అడగలేదు. కాగితాలు చదవలేదు. వాయిదాకు జూనియర్‌ను పంపాడు. శిక్ష పడ్డాక అప్పీలు వేశానన్నాడు, వేశాడో లేదో తెలియదు. టమోటా అమ్మి ఫీజు కట్టినవాడిదీ ఇదే గతి, ఉచిత వకీలు దొరికినవాడిదీ ఇదే గతి.

కాగితం మీద హక్కులకు కొదవలేదు. రాజ్యాంగం 39ఎ అధికరణ పేదలకు ఉచిత న్యాయ సహాయం ఇవ్వమంటోంది. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం జైల్లో ఉన్నవాడు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత వకీలును అడగవచ్చు. ఖైదీకి తీర్పు నకలు ఊరికే ఇవ్వాలని, అప్పీలుకు వకీలును పెట్టాలని 1978లోనే హోస్కాట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

వకీలును ఇస్తే చాలా? మధ్యప్రదేశ్‌లోని అనోఖీలాల్ కేసు చూడండి. 2013లో అభియోగాలు మోపిన రోజే అతనికి వకీలును ఇచ్చారు. రెండు వారాలు తిరక్కుండానే ఉరిశిక్ష వేశారు. 2019 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఉరి, యావజ్జీవం పడే కేసుల్లో పదేళ్ల అనుభవమున్న వకీలును పెట్టాలని, కేసు చదువుకోవడానికి కనీసం ఏడు రోజులివ్వాలని చెప్పింది. చివరికి 2024లో, పదకొండేళ్ల తర్వాత, ఆ మనిషి నిర్దోషి అని తేలింది.

మెజిస్ట్రేటు వేసిన శిక్షపై సెషన్స్ కోర్టుకు 30 రోజుల్లో, సెషన్స్ శిక్షపై హైకోర్టుకు 60 రోజుల్లో అప్పీలు వేయాలి. గడువు దాటితే ఆలస్యానికి కారణం చూపి బతిమాలుకోవాలి. కుప్పం రాష్ట్రానికి ఒక మూల, హైకోర్టు అమరావతిలో. అక్కడ తమ కేసు వాదించే వకీలు ముఖమైనా చూడని కుటుంబాలు ఎన్నో.

వకీలు చేతకానితనం వల్లే శిక్ష పడిందని అప్పీలులో చెప్పుకుంటే? అమెరికాలో 1984 నాటి స్ట్రిక్‌లాండ్ తీర్పు దీనికో కొలత పెట్టింది. వకీలు పని నాసిరకమని, లేకపోతే ఫలితం మారే అవకాశం ఉండేదని చూపాలి. అక్కడా నెగ్గడం కష్టమే, అయినా కొలత ఉంది. మన చట్టంలో అలాంటిది రాసి లేదు. వకీలు మారినంత మాత్రాన సాక్షులను మళ్లీ పిలవడం కుదరదని 2015లో శివకుమార్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బాధితురాలిని పదేపదే బోనెక్కించకూడదన్నది న్యాయమే, మేమూ ఒప్పుకుంటాం. కానీ విత్తనానికి మొలక శాతం కొలిచే ప్రభుత్వం, మనిషి జైలుకు పోయే కేసులో వకీలు పనిని ఎందుకు కొలవదు?

అప్పీలు విలువ తెలియాలంటే మన సత్యంబాబును తలచుకోండి. ఆయేషా మీరా హత్య కేసులో 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషిగా వదిలింది. అప్పటికే ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిచాయి. అక్కడ వేలెత్తి చూపాల్సింది పోలీసులను, వకీలును కాదు. అయినా పై కోర్టు సాక్ష్యాన్ని నిజంగా పరిశీలిస్తే ఏమవుతుందో ఆ కేసు చెబుతుంది.

మా డిమాండ్లు ఇవి. ఉచిత వకీలు ఖైదీని, ఇంటివాళ్లను కలిసి మాట్లాడాకే వాదనకు నిలబడాలి. తీర్పును తెలుగులో వివరించాలి. అప్పీలు నంబరును రాతపూర్వకంగా ఇంటికి తెలపాలి. వాయిదాలు ఎగ్గొట్టే వకీలును ఉచిత సహాయ జాబితా నుంచి తీసేయాలి. బాగా పనిచేసే వకీళ్లకు ఫీజు పెంచాలి, ఆలస్యం లేకుండా చెల్లించాలి.

అంతవరకు మన పని మనం చేద్దాం. శిక్ష పడిన రోజే నకలు అడగండి. జైలు అధికారి ద్వారా కూడా అప్పీలు పంపవచ్చు. న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేయండి. ఊళ్లో ఎవరికి శిక్ష పడినా గడువు లెక్కపెట్టే బాధ్యత మన గ్రామ సంఘానిదే.