పసుపుగా ఉన్నదంతా ఒకటే లోహం కాదు

ఈసారి కూడా పోస్టు పొడుగే. ఓపిక ఉన్నవాళ్ళు చదవండి, లేనివాళ్ళు మీ మనవలను ఆ పడవ ఎక్కించే ముందు అయినా చదవండి.

విషయం మీకు తెలిసిందే. మన సభ్యుని కొడుకు, సాఫ్ట్‌వేర్‌లో ఉన్న అబ్బాయి, ఇంగ్లండులో 1980లలో కట్టిన ముప్పై అడుగుల పాత తెరచాప పడవ కొన్నాడు. కాణుం పొంగల్ అయ్యాక మన సంఘం పిల్లలను నలుగురేసి చొప్పున సముద్రం మీద తిప్పుకొస్తానన్నాడు. మంచి మనసు. పోయిన వారం గ్రూపులో అతనొక మాట అడిగాడు. పడవ అడుగున, నీటిమట్టానికి కింద ఉండే వాల్వులు బిగుసుకుపోయాయి, అవి పీకేసి హార్డ్‌వేర్ షాపులో దొరికే మెరిసే ఇత్తడి బాల్ వాల్వులు వేద్దామని మెకానిక్ అంటున్నాడు, మీరేమంటారు అని. ఆరుగురు జవాబిచ్చారు. ఆరుగురూ "వేసెయ్ తమ్ముడూ" అన్నారు. ఒక పెద్దాయన ఇంకో అడుగు ముందుకేసి "ఇత్తడయితే ఏం, గన్‌మెటలయితే ఏం, రెండూ పసుపే కదా" అని రాశారు. దానికి పదకొండు చప్పట్ల బొమ్మలు!

అయ్యా, నేను ఇంజనీరును కాను. రైల్వే స్టోర్స్‌లో లెడ్జర్ రాసినవాణ్ణి. కాని ఆ లెడ్జర్‌లో ఇత్తడి కాక్‌కు ఒక పీఎల్ నంబరు, గన్‌మెటల్ కాక్‌కు వేరే పీఎల్ నంబరు. స్క్రాప్ అమ్మేటప్పుడు కూడా రెండు వేరు కుప్పలు, రెండు వేరు రేట్లు. కలిపి తూచినవాడికి మెమో వచ్చేది. రెండూ పసుపే అయితే అంత రాద్ధాంతం ఎందుకండీ?

బడిలో నేను పిత్తళై, వెంగలం అని నేర్చుకున్నాను. ఇంట్లో అమ్మ ఇత్తడి, కంచు అనేది. ఏ భాషలో చెప్పినా రెండు వేరు. మామూలు షాపు ఇత్తడిలో దాదాపు అరవై వంతులు రాగి, నలభై వంతులు జింకు. గన్‌మెటల్ కంచు జాతిది. వాల్వులకు ఎక్కువగా పోత పోసే రకంలో 85 వంతులు రాగి, తగరం 5, సీసం 5, జింకు 5. ఉప్పునీళ్ళు ఇత్తడిలోని జింకును మెల్లగా తినేస్తాయి. మిగిలేది గుల్లబారిన రాగి. పైకి వాల్వు ఆకారం అలాగే ఉంటుంది, కొలత అలాగే ఉంటుంది, బలం మాత్రం ఉండదు. పైపు తొడిగిన దగ్గర, లేదా మరల దగ్గర, ఒకరోజు హ్యాండిల్ తిప్పుతుంటే బిస్కెట్టులా విరుగుతుంది.

మెరుపు సంగతి కూడా చెప్పాలి. ఆ షాపు వాల్వు మీది తెల్లని మెరుపు నికెల్ పూత. మన అమ్మమ్మలు కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు పెట్టేవాళ్ళా? కళాయి పూసేవాడు వీధిలోకి వచ్చేదాకా ఆ గిన్నె అటక మీదే. పూత ఉన్నంతసేపే కాపు అని చదువు లేని ఆడవాళ్ళకు తెలుసు. డిగ్రీలు ఉన్న ఆరుగురికి తెలియలేదు.

విరిగితే ఏమవుతుందో లెక్క చూడండి. మరుగుదొడ్డి నీళ్ళు బయటికి పోయే రంధ్రం ఒకటిన్నర అంగుళం. అది నీటిమట్టానికి రెండడుగుల కింద ఉంటే, విరిగిన క్షణం నుంచి నిమిషానికి సుమారు 140 లీటర్లు లోపలికి వస్తాయి. మన ఇళ్ళకు వచ్చే ఇరవై లీటర్ల క్యాన్లు, నిమిషానికి ఏడు. అలాంటి పడవల్లో ఉండే చిన్న కరెంటు పంపు అందులో సగం కూడా తోడలేదు. లోపల మన పిల్లలు.

"యూరప్ ముద్ర ఉన్న వాల్వు తెప్పిస్తే సరి" అని ఇంకొకరు రాశారు. ముద్ర చూసి మోసపోకండి. 1994లో వచ్చిన ఐఎస్ఓ 9093 ప్రమాణం తుప్పు పట్టని లోహం అంటే ఏమిటో చెప్పింది: ఐదేళ్ళ వాడకంలో లోపం చూపనిది. ఐదేళ్ళు! నలభై ఏళ్ళు తిరిగే పడవకు ఐదేళ్ళ వాల్వు. ఆ సందులోంచే మామూలు ఇత్తడి కొత్త పడవల అడుగులోకి కూడా దూరింది. కాబట్టి ముద్ర అడగవద్దు, లోహం నంబరు అడగండి. సీడబ్ల్యూ 617ఎన్ అంటే మామూలు ఇత్తడి, వద్దు. సీడబ్ల్యూ 602ఎన్ అంటే జింకు పోకుండా ఆర్సెనిక్ కలిపినది, దాని మీద సీఆర్ అని పోసి ఉంటుంది, పనికొస్తుంది. గన్‌మెటల్ అన్నిటికన్నా నమ్మకం. గాజునార కలిపిన నైలాన్‌తో పడవల కోసమే చేసినవి కూడా ఉన్నాయి, వాటికి తుప్పు బాధే లేదు. మేడ మీద ట్యాంకుకు వేసే తెల్ల ప్లాస్టిక్ వాల్వు అది కాదు, దయచేసి కలపకండి. స్టెయిన్‌లెస్ అంటారా, గాలి ఆడని సందుల్లో, నీళ్ళు నిలిచే మరల్లో అదీ గుంటలు పడుతుంది. అయస్కాంతం పెట్టి చూశామనేవాళ్ళకు ఒక దండం. ఇత్తడికీ అంటదు, కంచుకూ అంటదు.

ఇప్పుడు నాకు అసలు కోపం వచ్చిన సంగతి. అబ్బాయి పంపిన ఫోటోలు పెద్దవి చేసి చూశాను. ఆ "పనికిరాని పాత వాల్వులు" బ్లేక్స్ వారి శంకువు రకం సీకాక్‌లు. బోల్టులతో పడవ అడుగుకే బిగించినవి. కంచు! అంటే మంచి కంచు పీకేసి, కిలోకు తక్కువ రేటు పలికే ఇత్తడి కొత్తగా వేయడం, దానికి కూలీ ఇవ్వడం. ఆ పాత కంచు ఎవరి సంచిలోకి పోతుందో నేను అడగను, స్క్రాప్ యార్డు చూసినవాణ్ణి.

బిగుసుకుపోతే చచ్చిపోయినట్టు కాదండీ. ఆవిరి ఇంజన్ల రోజుల్లో మా షెడ్డు ఫిట్టర్లు ఇలాంటి ప్లగ్ కాక్‌లను విప్పి, గ్రైండింగ్ పేస్టు రాసి, ముందుకూ వెనక్కూ తిప్పుతూ నూరి, గ్రీజు పెట్టి మళ్ళీ వేసేవాళ్ళు. పడవ ఒడ్డున ఉండగా ఇక్కడా అదే పని. ముందు కత్తి మొనతో గీకి చూడాలి. లోపల పసుపుగా మెరిస్తే ప్రాణం ఉంది. గులాబీ రంగు రాగి కనిపిస్తే జింకు పోయింది, అప్పుడు మార్చాల్సిందే. బోల్టులు కూడా అలాగే ఒక్కొక్కటి విప్పి చూడాలి, వాటిని ఎవరూ చూడరు. రబ్బరు గొట్టానికి రెండేసి క్లిప్పులు. ప్రతి వాల్వు పక్కన ఆ రంధ్రానికి సరిపోయే మెత్తని కర్ర బిరడా ఒకటి తాడుతో కట్టి ఉండాలి. దీనికేం ఖర్చు?

నన్ను తిట్టుకునేవాళ్ళు తిట్టుకోండి. పిల్లల పేర్ల పట్టికలో మూడోది నా మనవడిది. ఆ వాల్వులేమిటో చూసేదాకా ఆ పేరు తీసేయమని కార్యదర్శిగారికి నిన్ననే చెప్పాను. వచ్చే శనివారం ఉదయం ఎనిమిదికి అబ్బాయితో కలిసి హార్బరుకు వెళ్తున్నాను, ఒక చాకు, ఒక ఆకురాయి, టార్చిలైటు పట్టుకుని. "రెండూ పసుపే" అన్న పెద్దాయన కూడా రావాలని కోరుతున్నాను. కాఫీ, టిఫిను ఖర్చు నాది.