ఉన్ననాడు ఉగాది, లేనినాడు శివరాత్రి: ఇంకెన్నాళ్లు ఈ లెక్క?



ఈ వారం మాటలు కొంచెం గట్టిగా ఉంటయి. కోపం రావొచ్చు. చివరిదాకా చదివి, ఆ తర్వాత తిట్టండి.

జీతం పడ్డ రాత్రి మన క్యాంపు ఎట్లుంటదో ఒక్కసారి యాది చేసుకోండి. ఏటీఎం ముందు లైను. గేటు బయట ఫోన్ల దుకాణంల సందడి. కిరాణంల ఖాతా పుస్తకం తెరుచుకుంటది. ఒకడు కొత్త ఫోను డబ్బా విప్పుతడు, ఒకడు మంచం మీద పండుకొని రమ్మీ ఆడుతడు, గదిల మటన్ ఉడుకుతది. అదే గదికి 20వ తారీఖున పొండి. పప్పుచారు, ఖుబ్బూసు, "అన్నా, ఒక 50 ఉంటే సర్దరాదే" అన్న మాట. ఉన్ననాడు ఉగాది, లేనినాడు శివరాత్రి అని పెద్దలు అన్నది మనల్ని చూసే అన్నట్టుంది.

మనకు ఓపిక లేదని ఎవరన్నా అంటే మాత్రం నేను ఒప్పుకోను. బిడ్డ పుట్టిన నాడు మనం లేం. బతుకమ్మకు లేం, సంక్రాంతికి లేం. రెండేండ్లకోసారి వచ్చే సెలవు కోసం మండే ఎండల ఇనుము మోస్తున్నం. భార్య ముఖం ఫోన్ల చూసుకొని పండుకుంటున్నం. రేపటి కోసం ఇయ్యాల్టి సుఖాన్ని ఇంత వదులుకున్నోళ్లు మనకంటే ఎవరున్నరు?

మరి అంత పెద్ద సుఖాన్ని ఆపుకున్నోళ్లం చిన్న సుఖం కాడ ఎందుకు ఓడిపోతున్నం? కొడుకును ఎత్తుకునుడు రెండేండ్లు ఆపుకున్నోడు, ఫోను కొనుడు రెండు నెలలు ఆపుకోలేడా? నా కొట్లాట దీనిమీదనే. పెద్దదాన్ని కుదవపెట్టి చిన్నది కొంటున్నం.

ముందు నా సంగతే చెప్త. మొదటిసారి ఇంటికి పోయేటప్పటికి వీసా కోసం చేసిన అప్పు సగం కూడా తీరలే. అయినా కార్గో డబ్బా నింపిన. అత్తర్లు, కంబళ్లు, సబ్బులు, చాక్లెట్లు ఊరంతా పంచిన. దుబాయ్ నుంచి వచ్చిండు అనిపించుకోవాలె గదా! పది రోజులు రాజునే. నెల దాటినంక బాపుకు ఛాతీల నొప్పి వచ్చింది. దవాఖాన్ల కట్టెటందుకు చేతుల పైస లేదు. ఊళ్లె మిత్తికిచ్చే మనిషి దగ్గరికి పోయి 3 రూపాయల మిత్తికి తెచ్చిన. ఆయన ఒంటి మీద వాసన నేనిచ్చిన అత్తరుదే.

ఇంకొకరి సంగతి. పేరు చెప్ప. మా గదిలనే ఉండేటోడు, ఫోర్‌మన్ అయిండు. జీతం పెరగంగనే ఎవడో వచ్చి సంతకాలు పెట్టించుకొని లోను, కార్డు ఇప్పించిండు. ఆ పైసలతో చెల్లె పెండ్లి గొప్పగా చేసిండు, తమ్మునికి బండి కొన్నడు. ఏడాది తిరగకముందే పని పోయింది. కిస్తులు ఆగినయి. కేసు పడ్డది, దేశం దాటకుండ ట్రావెల్ బ్యాన్ పడ్డది. అమ్మ చనిపోయిందని ఫోను వచ్చిన రాత్రి ఆయన టికెట్టుకు మేమంతా చందా ఏసినం. పైసలు జమైనయి గని మనిషి పోలేకపోయిండు. కడచూపు ఫోన్ల చూసిండు. తొందరకు అసలు ధర ఇది తమ్మీ.

తప్పంతా మనదే అని నేను అంటలేను. మన తొందర మీద బతికే వ్యాపారం చాన పెద్దది. "నెలకు 150 దిర్హాములే" అని దుకాణపోడు అంటడు. 24 నెలలు కడితే 3,600 అయితదని వాడు చెప్పడు. రమ్మీ ఆటోడు మొదటిరోజు బోనస్ అని ఊరిస్తడు. పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణల 2017లనే, ఆంధ్రల 2020ల నిషేధించిండ్రు. 2025ల దేశమంతటికీ చట్టం వచ్చింది. ఎన్ని ఇండ్లు కూలితే ఇన్ని చట్టాలు వచ్చినయో ఆలోచించండి. ఆ ఆటల ఎప్పటికీ ఓడనోడు ఒక్కడే, ఆట నడిపేటోడు.

చీటీల కూడా ఇదే కథ. అవసరం లేకున్నా మొదటి నెలనే పాట పాడి, వేలకు వేలు నష్టానికి ఎత్తుకునేది మనోళ్లే. ఆ నష్టం చివరిదాకా ఆగినోని లాభం. పైగా క్యాంపు చీటీకి కాగితం ఉండదు. నడిపేటోడు ఫ్లైట్ ఎక్కితే అడిగే దిక్కుండదు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. ఊళ్లె లక్ష రూపాయలు 2 రూపాయల మిత్తికి ఉందనుకోండి. నెలకు 2,000, ఏడాదికి 24,000 వట్టి మిత్తికే పోతది, అసలు అట్లనే ఉంటది. ఇక్కడ సిగరెట్టు, కూల్‌డ్రింకు, ఫోన్ల ఆట కలిపి రోజుకు 5 దిర్హాములు ఆపితే నెలకు 150. దిర్హాముకు 23 రూపాయల లెక్క 3,450. అంటే మిత్తి మొత్తం పోను, అసలుల ఇంకో 1,450 తగ్గుతది. బ్యాంకుల దాచుకునేదానికంటే ముందు ఆ అప్పు తీర్చుడే పెద్ద పొదుపు. 24 శాతం మిత్తి ఏ బ్యాంకూ మనకియ్యదు.

నాకు ఎదురు చెప్పేటోళ్లు ఉన్నరు. వాళ్లకూ జవాబు చెప్త.

"ఇయ్యాల ఉంటం, రేపు పోతం. బతికినన్ని రోజులు తిని ఉండాలె" అంటరు. మనం పోతే ఇంట్ల ఉన్నోళ్లు పోరు గదా. వాళ్లు అప్పులోని ముందు నిలబడాలె. అట్లని శుక్రవారం బిర్యానీ మానుమని నేను అంటలేను. నలుగురు కలిసి వండుకొని, నవ్వుకుంట తినుడు ఖర్చు కాదు, బలం. నేను అడ్డుపడేది ఒంటరిగా, రాత్రిపూట, ఫోను పట్టుకొని చేసే ఖర్చుకు.

"జీతమే తక్కువ. కంపెనీని అడుగుర్రి, మమ్మల్నెందుకు అంటరు?" అని ఇంకో మాట. నిజమే, జీతం తక్కువ. దానికోసం ఈ సంఘం అడుగుతనే ఉంటది. కానీ ఒక్కటి చూడండి. జీతం రెండు నెలలు ఆగితే ఫిర్యాదు పెట్టెటందుకు ముందుకొచ్చేది ఎవరు? చేతుల నాలుగు పైసలు ఉన్నోడు. ఖాతా నిండినోడు, కిస్తులున్నోడు సూపర్‌వైజర్ ముందు తల వంచుకొనే ఉంటడు. మూడు నెలల తిండి ఖర్చు చేతుల ఉన్న కూలోణ్ని కంపెనీ అంత అలుకగా బెదిరియ్యలేదు. మన పొదుపు మన నోరు.

ఇంకొంతమంది 200 దిర్హాములు ఎక్కువ వస్తయని కంపెనీ ఇడిచి ఖల్లివెల్లి అయితరు. దెబ్బలకు తాళలేక, జీతం ఇయ్యక బయటపడ్డోళ్ల సంగతి వేరు, వాళ్లకు మనం తోడుండాలె. కానీ ఉత్త తొందరకు కాగితాలు పోగొట్టుకోవద్దు. యూఏఈల ఏడాది దాటి చేసినోనికి గ్రాట్యుటీ హక్కు. మొదటి 5 ఏండ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత 30 రోజులది. అది మనకోసం ఆగి ఉన్న జీతం. దాన్ని ఎండల పారబోయొద్దు.

ఇగ చేయవలసింది. పెద్ద పెద్ద మాటలు వద్దు, నాలుగు అలవాట్లు చాలు.

1. మూడు రాత్రుల నియమం. జీతం పడ్డంక మూడు రాత్రులు తిండి తప్ప ఏదీ కొనొద్దు. నాలుగో రోజు కూడా కావాలనిపిస్తే ఆలోచించండి. సగం కోరికలు మూడు రాత్రులు బతకవు.

2. మొదట దాచుడు, తర్వాత ఖర్చు. ఇంటికి పంపేటప్పుడే రెండు భాగాలు చెయ్యండి. ఒకటి ఇంటి ఖర్చుకు, ఒకటి ముట్టనిది. భార్య పేరు మీద పోస్టాఫీసుల రికరింగ్ డిపాజిట్ నెలకు 100 రూపాయల నుంచే ఉంది, 5 ఏండ్లది. పదేండ్లలోపు ఆడపిల్ల ఉంటే సుకన్య సమృద్ధి ఖాతా ఏడాదికి 250తోనే నడుస్తది.

3. ఇంట్లోళ్లకు నిజం చెప్పుడు. మన జీతమెంతో, అప్పెంతో వాళ్లకు తెల్వదు. తెల్వకనే ఫంక్షన్ అంటరు, బండి అంటరు. చెప్పనిది మనం, అడిగిండ్రని కోపం చేసేదీ మనమే.

4. ప్రవాసీ భారతీయ బీమా తప్పకుండా చూసుకోండి. రెండేండ్లకు 275 రూపాయలు, అంటే 12 దిర్హాములు. ప్రమాదంల ప్రాణం పోయినా, ప్రమాదంతోని శాశ్వతంగా పని చెయ్యలేకుండ అయినా 10 లక్షలు. గడువు దాటిందేమో ఇయ్యాలనే చూడండి. ఈ 12 దిర్హాములతో ఏ సుఖమూ కనబడదు, అందుకే మర్చిపోతం.

అన్నలారా, మనం ఇక్కడికి వచ్చింది ఒకనాడు తిరిగి పోయెటందుకు. జీతం పడ్డ రాత్రి మనం చేసే ఒక్కో తొందర పని ఆ తిరుగు ప్రయాణాన్ని ఒక్కో నెల ఎనుకకు జరుపుతది. ఈసారి ఏటీఎం ముందు లైన్ల నిలబడ్డప్పుడు కొత్త ఫోను కాదు, ఇంటి అర్రను, ఎదురుచూసే మనిషిని కండ్ల ముందర పెట్టుకోండి.

గదిల చదువురాని అన్నలు ఉంటే ఈ బులెటిన్ చదివి వినిపించండి. నా మాట తప్పనిపిస్తే శుక్రవారం మీటింగుకు వచ్చి ముఖం మీదనే చెప్పండి. చాయ్ నాది.